పూజగదికి చెక్క వేంకటేశ్వరుడు: ఏ కర్ర, ఎంత ఎత్తు, అభిషేకం చేయొచ్చా?

కొత్తపూజగది:

అందరికీ నమస్కారం. శ్రీకాళహస్తి దగ్గర ఏర్పేడు మండలం మాధవమాలలో చేత్తో చెక్కే శిల్పులకు చెప్పి, పూజగదికి వేంకటేశ్వర స్వామి మూర్తి చేయించాలని ఉంది. నిలబడిన రూపం, 18 అంగుళాల ఎత్తు. ఏ కర్ర అడగాలి? కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయంటారు, ఎందుకు వస్తాయి? శుక్రవారం అభిషేకం చేయొచ్చా? రంగు వేయించాలా, కర్ర రంగే ఉంచాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

ఆగమచింతన:

కర్ర సంగతి తర్వాత, ముందు ఎత్తు తేల్చుకోండి. ఇంట్లో పూజించే ప్రతిమ బొటనవేలి కణుపంత మొదలుకొని జాన వరకూ ఉండొచ్చని, అంతకు మించితే ఇంటికి మంచిది కాదని మత్స్యపురాణం చెబుతుంది. జాన అంటే సుమారు 9 అంగుళాలు. మీరు అడుగుతున్నది మూరెడు విగ్రహం. హాల్లో అలంకారానికైతే మూరెడు కాదు, నిలువెత్తు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆవాహన చేసి, రోజూ నైవేద్యం పెట్టే మూర్తి మాత్రం జానకు లోబడి ఉండాలి. మూర్తి పెద్దదయ్యే కొద్దీ నిత్యార్చన, నైవేద్యం, మడి అన్నీ ఆ స్థాయిలోనే జరగాలి. ఇంట్లో అది నిలబెట్టుకోవడం కష్టం.

ఇంకో సంగతి. శిల్పశాస్త్రంలో అంగుళం వేరు, టేపు మీద అంగుళం వేరు. శిల్పి "ముఖం 12 అంగుళాలు" అంటే కంగారు పడకండి. అది ఆ విగ్రహానికే చెందిన కొలమానం.

కొత్తపూజగది:

జాన లెక్క తెలియదండి, మంచి మాట చెప్పారు. 9 అంగుళాలకే వస్తాను. ఆ రెండో అంగుళం ఏమిటో కాస్త విడమరిచి చెబుతారా?

కొలతబద్ద:

అది నేను చెబుతాను. దాన్ని తాలమానం అంటారు. విగ్రహం ముఖం పొడవే ఒక తాలం. దాన్ని 12 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక అంగుళం. విష్ణువుకు శాస్త్రం చెప్పేది ఉత్తమ దశతాలం, అంటే మొత్తం 124 అంగుళాలు. అర్థం కావడానికి నవతాలం తేలిక, 108తో సరిపోతుంది: ముఖం 12, మెడ 4, మెడ నుంచి గుండె 12, గుండె నుంచి బొడ్డు 12, బొడ్డు కింద 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4.

దీన్ని మీ 9 అంగుళాల కర్రలోకి దింపుదాం. వడ్రంగి లెక్కలో టేపు అంగుళానికి 8 నూళ్లు, కాబట్టి 9 అంగుళాలు అంటే 72 నూళ్లు. పీఠానికి 8, కిరీటానికి 10 తీసేస్తే శరీరానికి 54 మిగులుతాయి. 108 భాగాలు 54 నూళ్లలో ఇమడాలి కాబట్టి ఒక శిల్ప అంగుళం అర నూలు. ముఖం 6 నూళ్లు, మెడ 2, తొడ 12, పిక్క 12, మోకాలు 2, పాదం 2.

ఇప్పుడు ముఖం దగ్గరికి వెళ్దాం. నుదురు, ముక్కు, ముక్కు కింద నుంచి గడ్డం, మూడూ సమానంగా తలా 2 నూళ్లు. కన్ను పొడవు 2 శిల్ప అంగుళాలు, అంటే ఒకే ఒక్క నూలు. మిల్లీమీటర్లలో 3. ఆ మూడు మిల్లీమీటర్లలో పై రెప్ప, కింద రెప్ప, కనుగుడ్డు, కొస అన్నీ కనపడాలి. మీరు ఏ కర్ర అడగాలో ఆ కన్నే తేలుస్తుంది.

ఉలిపట్టు:

కొలతబద్ద గారు అసలు విషయానికి వచ్చారు. టేకు గట్టిదే, చెదలకు తట్టుకుంటుంది, కానీ అడ్డంగా కోసి చూస్తే సూది గుచ్చినట్టు రంధ్రాలు కంటికే కనిపిస్తాయి. మూడు మిల్లీమీటర్ల కంటిలో అలాంటి రంధ్రం ఒక్కటి పడితే రెప్ప గీత తెగిపోతుంది. రెండడుగుల బొమ్మకు టేకు బాగుంటుంది, జానెడు బొమ్మకు వద్దు. నిద్రగన్నేరు కూడా అంతే. పెద్ద బొమ్మలకు, ప్రభలకు, పలకలకు మంచిది.

చిన్న మూర్తికి సన్నని నార కావాలి. శ్రీగంధం అన్నిటికన్నా సన్నం, కానీ ఆ మందం ముక్క దొరకడం, దాని ధర, రెండూ అందనివి. ఏటికొప్పాక వాళ్లు వాడే అంకుడు కర్ర దంతంలా తెల్లగా, సమంగా ఉంటుంది, ఉలి మాట వింటుంది. ఎర్రచందనం బరువు, గట్టితనం తెలిసిందే. నీళ్లలో వేస్తే మునుగుతుంది. గీత గీస్తే గీతలాగే నిలబడుతుంది. చెక్కడానికి మాత్రం ఓపిక కావాలి, ఉలి మాటిమాటికీ సానబెట్టాలి.

వేప మధ్యస్థం. చేవ భాగం ఎర్రగా, వాసనగా ఉంటుంది, పూజకు పవిత్రమని అందరూ ఒప్పుకునే చెట్టు. ఇబ్బంది ఏంటంటే వేపలో నార ఒక పొర ఇటు, ఒక పొర అటు తిరుగుతుంది. ఉలి సాఫీగా పోతూ పోతూ ఒక్కసారిగా ఎదురునార తగిలి పెళ్ల లేస్తుంది. బుగ్గ మీద లేస్తే మళ్లీ అతికించలేం. అందుకే వేపలో ముఖాన్ని నిలువునా కాకుండా అడ్డంగా, సన్నగా గీరుతూ తేల్చాలి. ఆ పనికి చేయి తిరిగినవాళ్లు కావాలి.

తెల్లపొణికి:

కొండపల్లి పద్ధతి కూడా చెప్పుకోవాలి. అక్కడ తెల్లపొణికి కర్ర. చాలా తేలిక, మెత్తన. చేతులు, ఆయుధాలు, పీఠం విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మక్కుతోనే నగలు, మడతలు దిద్దుతారు. చెక్కిన ముక్కల్ని సన్నని సెగ మీద ఉంచి తేమ మొత్తం లాగేస్తారు, ఆ తర్వాతే అతుకు. పైన తెల్ల పూత, దాని మీద రంగు. దశావతారాల సెట్టు ఈ పద్ధతికే బాగా నప్పుతుంది. ఈ పద్ధతిలో కన్ను చెక్కరు, కుంచెతో దిద్దుతారు. కాబట్టి ఉలి పదును కావాలంటే వేప, ఎర్రచందనం. రంగుల కళ కావాలంటే పొణికి.

కొత్తపూజగది:

ఎర్రచందనం శేషాచలం చెట్టే కదా, స్వామి కొండ చెట్టే స్వామి అయితే ఎంత బాగుంటుందో అనిపిస్తోంది. కొనడం తప్పా?

కలపపరీక్ష:

తప్పు కాదు, కాగితం లేకుండా కొనడం తప్పు. అటవీశాఖ ద్వారా వచ్చిన కలప అని రుజువు, రవాణా అనుమతి, పక్కా బిల్లు ఉండాలి. విగ్రహం చిన్నదైనా సరే అడగండి. దేశం దాటించే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఈ చెట్టు ఉంది. ఎగుమతి అనుమతి లేకుండా సూట్‌కేసులో పెట్టుకు వెళ్తే విమానాశ్రయంలో ఆగిపోతుంది, కేసు కూడా అవుతుంది.

మోసం ఎక్కడంటే, మామూలు కర్రకు ఎర్ర రంగు పట్టించి అమ్ముతారు. పీఠం అడుగున, పాలిష్ తగలని చోట చూడాలి. తడి దూదితో రుద్దండి. నీళ్లకే ఎరుపు దిగితే అది పూసిన రంగు. అసలు ఎర్రచందనంలోని రంగు నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ దూదికి ఎర్రగా అంటి, నీళ్ల దూది తెల్లగా ఉంటే, దానికి తోడు చేతికి బరువుగా ఉంటే, చాలావరకు నమ్మొచ్చు.

ఉలిపట్టు:

పగుళ్ల గురించి అడిగారు. చెక్క విగ్రహాలు పాడవడానికి మొదటి కారణం ఇదే కాబట్టి కొంచెం పొడవుగా రాస్తాను.

పచ్చి కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. నిలువునా దాదాపు మారదు. కేంద్రం నుంచి బెరడు వైపుకు కొంత తగ్గుతుంది. వలయాల వెంబడి దానికి సుమారు రెట్టింపు తగ్గుతుంది. దుంగ మధ్యలో ఉండే దవ్వ మీ విగ్రహం లోపల ఉండిపోయిందనుకోండి, చుట్టూ వలయాలన్నీ బిగుసుకుంటాయి, లోపల జరగడానికి చోటు ఉండదు. ఎక్కడో ఒకచోట చీలాల్సిందే. వార్నిష్ వేసినా, నూనె పూసినా ఆగదు. కాబట్టి సన్నని దుంగను నిలువుగా పెట్టి మొత్తం విగ్రహంగా చెక్కిస్తే పగులు ఖాయం. కనీసం అడుగు వ్యాసం ఉన్న దుంగలో, దవ్వకు ఒక పక్కగా, మూడున్నర అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం, పది అంగుళాల పొడవు ముక్క కోయించమని చెప్పండి. బెరడు పక్కన ఉండే తెల్ల భాగం మొత్తం చెక్కేయాలి. పురుగు మొదట పట్టేది దాన్నే.

ఆరబెట్టడం నీడలోనే. అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. కోసిన రెండు చివర్లకూ మైనమో, పెయింటో, చిక్కటి పేడో పట్టించాలి. చివర్ల నుంచే తేమ తొందరగా పోతుంది, అందుకే చివర్లే ముందు చీలతాయి. మూడేళ్లు ఆగలేమంటే ఒక దారి ఉంది. కొలతకు అర అంగుళం ఎక్కువ ఉంచి బాడిసతో మొద్దుగా ఆకారం తీసి, దాన్ని కొన్ని నెలలు ఆరనివ్వాలి. పలచబడిన కర్ర త్వరగా ఆరుతుంది, చీలికలు వస్తే అప్పుడే బయటపడతాయి, పారేసినా పెద్ద నష్టం ఉండదు. సొంత ఊరి గాలిలో ఆరి, కర్రలోని తేమ శాతం పది పన్నెండుకు వచ్చాక ఉలి పని మొదలుపెట్టాలి. కోస్తాలో ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

ఎండలో పెట్టి "ఎండించాం" అనేవాళ్లతో జాగ్రత్త. పైపొర ఆరి బిగుసుకుంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఆరు నెలల తర్వాత మీ ఇంట్లో చీలుతుంది.

నిలువునార:

దీనికి శాస్త్రంలో కూడా మూలం ఉంది. చెట్టు కొట్టే ముందే కింద మీద, దిక్కులు గుర్తు పెట్టుకోవాలని బృహత్సంహితలో వరాహమిహిరుడు చెబుతాడు. చెట్టు నిలబడినట్టే బింబమూ నిలబడాలి. వేరు వైపు పాదాలు, కొస వైపు శిరస్సు. ముక్క కోశాక ఏది పైనో గుర్తుపట్టడం కష్టం, అందుకే రంపం వేసేటప్పుడే సుద్దతో బాణం గుర్తు వేయించండి. అదే అధ్యాయంలో పనికిరాని చెట్ల జాబితా ఉంది: శ్మశానంలోవి, దారిలోవి, పుట్ట పట్టినవి, పిడుగు పడినవి, గాలికి విరిగినవి, తేనెపట్టు ఉన్నవి. పిడుగు, గాలి, నిప్పు తిన్న చెట్టులో బయటికి కనపడని చీలికలు ఉంటాయని ఏ వడ్రంగైనా చెబుతాడు.

ఆగమచింతన:

నిలువునార గారి మాటకు ఒక చేర్పు. పూరీలో నియమం దీనికి భిన్నంగా ఉంటుంది. జగన్నాథుడి దారువు కోసం వెతికే వేపచెట్టు మొదట్లో పాము పుట్ట ఉండాలి, దగ్గర్లో నదో చెరువో, శ్మశానమో ఉండాలి, మాను మీద శంఖచక్రాల గుర్తులు ఉండాలి. పిడుగు పడకూడదన్నది మాత్రం అక్కడా ఉంది, పక్షి గూళ్లూ ఉండకూడదు. అధికమాసం ఆషాఢంలో వచ్చిన సంవత్సరం నవకళేబరం, అంటే పాత మూర్తుల స్థానంలో కొత్త కర్ర మూర్తులు చేసి నిలిపే క్రతువు, చేస్తారు. 1950, 1969, 1977, 1996, 2015లో జరిగింది. దేవుడి దేహం కూడా కర్రదే కాబట్టి దానికీ ఆయుష్షు ఉందని, లోపలి బ్రహ్మపదార్థం పాత మూర్తి నుంచి కొత్త మూర్తిలోకి మారుతుందని అక్కడి భావం. పాత మూర్తులను గుడి ఆవరణలోనే ఉన్న కోయిలి వైకుంఠంలో సమాధి చేస్తారు.

ఇక అభిషేకం. చెక్క మూర్తికి నిత్యాభిషేకం వద్దు. భాగవతం ఏకాదశ స్కంధంలో ఎనిమిది రకాల ప్రతిమలు చెప్పారు, రాయి తర్వాత చెప్పింది దారువే. ఆ వెంటనే, స్నానం అన్నిటికీ కాదని, కొన్నిటిని తుడిస్తే చాలని ఉంది. మట్టి, చిత్రం, చెక్క ఆ కోవలోవని వ్యాఖ్యాతల మాట. పూరీలో కూడా రోజువారీ స్నానం అద్దంలో కనిపించే ప్రతిబింబానికే. ఏడాదికోసారి జ్యేష్ఠ పూర్ణిమ నాడు 108 కలశాలతో నిజంగా స్నానం చేయిస్తారు, జగన్నాథుడికి 35, బలభద్రుడికి 33, సుభద్రకు 22, సుదర్శనానికి 18. ఆ తర్వాత స్వామికి జ్వరమని పదిహేను రోజులు దర్శనం ఆపి రంగులు మళ్లీ దిద్దుతారు.

మీరు చేయవలసింది: ఎదురుగా చిన్న అద్దం, దాని కింద పళ్లెం పెట్టి, అందులో ప్రతిబింబానికి అభిషేకం చేయండి. లేదా రెండంగుళాల పంచలోహ మూర్తిని స్నానానికి పెట్టుకోండి. చెక్క మూర్తిని పొడి మెత్తని గుడ్డతో తుడవండి.

పడమటిగాలి:

పైన పాలియురేథేన్ వార్నిష్ మూడు కోట్లు వేయిస్తే నీళ్లు పోసినా ఏమీ కాదని విన్నాను?

ఉలిపట్టు:

అవుతుంది అన్నా. వార్నిష్ పొర కర్రతో పాటు సాగదు. ఏడాదిలో మెడ మడతలో, చేతి సందులో వెంట్రుకంత పగులు వస్తుంది. అందులోంచి నీరు లోపలికి పోతుంది, బయటికి రావడానికి దారి ఉండదు. లోపల నల్లబడి, పొర పెచ్చుగా లేస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం పీఠం అడుగు. అక్కడ నార చివర్లు తెరుచుకుని ఉంటాయి, గొట్టాల్లా నీళ్లు పైకి లాగుతాయి. తడి గ్రానైట్ మీద నేరుగా పెట్టొద్దు. కింద పొడి పీట ఉండాలి, అడుగు భాగానికి మైనం పట్టించాలి.

దీపం కూడా ఒక జానైనా దూరంగా ఉండాలి. కర్పూర హారతి పళ్లెం కాళ్ల దగ్గర పెట్టి వదిలేయకండి. కాలేంత వేడి తగలకపోయినా, ఒకే పక్క రోజూ ఆరుతూ ఉంటే ఆ పక్కే చీలుతుంది.

కొత్తపూజగది:

నూనె పూయొచ్చా? నువ్వుల నూనె, నెయ్యి లాంటివి?

ఉలిపట్టు:

వద్దు. నువ్వులు, కొబ్బరి, వేప, నెయ్యి ఏవీ ఆరిపోవు. జిడ్డుగా ఉండి దుమ్ము పడుతుంది, కొన్నాళ్లకు ముక్కిపోయిన వాసన వస్తుంది, ముఖం నల్లగా మూసుకుపోతుంది. ఆరే నూనె అవిసె నూనె. చాలా పలచగా పట్టించి, పావుగంటలో మిగిలింది తుడిచేసి, రెండు మూడు రోజులు వదిలేయాలి. ఆపైన తేనెమైనం కొద్దిగా వేలితో రుద్ది గుడ్డతో మెరుగు పెట్టాలి. ఏడాదికోసారి చాలు. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి, దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. ఆరుబయట పరిచి ఆరనిచ్చి పారేయాలి.

తెల్లపొణికి:

రంగు వేసినదైతే మళ్లీ మళ్లీ వేయాల్సిందే, అది లోపం కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి మూర్తులను రెండేళ్లకోసారి జగ్గయ్యపేట తీసుకెళ్లి రంగులు దిద్దిస్తారు, అదే పెద్ద ఉత్సవం. ఇంట్లోనూ అంతే. పాత రంగు మీద కొత్త రంగు పొరలు పొరలుగా వేస్తూ పోతే కన్ను, పెదవి గీతలు పూడిపోతాయి. లేచిన పొరను సన్నగా గీకి, మక్కుతో సరిచేసి, అప్పుడు వేయించాలి.

మంచుదేశం:

చలిదేశాల్లో ఉండే తెలుగువాళ్లకు ఒక మాట. చలికాలం హీటర్ వేసిన ఇంట్లో గాలి ఎడారిలా పొడిబారుతుంది. మన ఊళ్లో ఆరిన కర్ర అక్కడ ఇంకా ఆరుతుంది. హీటర్ గాలి వచ్చే రంధ్రానికి దూరంగా పెట్టి, గది తేమ 45-55 శాతం దగ్గర ఉంచాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు చెక్క విగ్రహాన్ని తప్పకుండా డిక్లేర్ చేయాలి. బెరడు ముక్క, పురుగు రంధ్రం కనిపిస్తే ఆపేస్తారు.

పురుగు సంగతి ఎవరైనా చెబుతారా? విగ్రహం కింద సన్నని పిండి రాలుతోందని కొందరు అడుగుతుంటారు.

కలపపరీక్ష:

అది పొడిపురుగు. ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు, గోధుమపిండి లాంటి పొడి. కిరోసిన్ పోయొద్దు, దీపం వెలిగే చోట అది ప్రాణాపాయం, రంగూ పోతుంది. రంగు వేయని చిన్న విగ్రహమైతే ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, లేకపోతే చల్లని కర్ర మీద నీరు పడుతుంది. రంగు వేసినదానికి ఈ పద్ధతి వద్దు, పూత లేచిపోవచ్చు.

పడమటిగాలి:

కంచి అత్తివరదరాజస్వామి నలభై ఏళ్లు కోనేట్లో ఉండి కూడా పాడవలేదు కదా, మరి నీళ్లు కర్రకు శత్రువు ఎలా అవుతాయి?

నిలువునార:

మంచి ప్రశ్న. అది అత్తి, అంటే మేడి కర్ర మూర్తి. 1979 తర్వాత 2019లో బయటికి తీసి 48 రోజులు దర్శనం ఇచ్చారు, మొదట శయనంలో, తర్వాత నిలబెట్టి. కర్రను కుళ్లబెట్టేది నీరు కాదు, నీటితో పాటు గాలి. పూర్తిగా మునిగి, గాలి అందకపోతే బూజు బతకదు. పూర్తిగా పొడిగా ఉన్నా బతకదు. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం, ఇదే చంపేది. వారం వారం అభిషేకమంటే సరిగ్గా అదే.

కొత్తపూజగది:

చాలా స్పష్టంగా అర్థమైంది. చివరిగా స్వామి చేతుల గురించి. వరద హస్తం, నడుము మీది చేయి, శంఖచక్రాలు ఎలా చెక్కించాలి, శిల్పికి ఏమని చెప్పాలి?

కొలతబద్ద:

కుడి కింది చేయి వరదం, వేళ్లు పాదాల వైపు చూపిస్తాయి, ఈ పాదాలే శరణు అని. ఎడమ కింది చేయి కట్యవలంబితం, అంటే నడుము మీద ఆనించినది, నన్ను నమ్మినవాళ్లకు సంసార సముద్రం నడుము లోతే అని పెద్దలు అర్థం చెబుతారు. కర్ర పరంగా ఈ రెండూ వరం లాంటివి. వేళ్లు నిలువునార వెంబడి ఉంటాయి కాబట్టి గట్టిగా ఉంటాయి. అదే ముందుకు చాచిన చేయి అయితే నార అడ్డంగా తెగుతుంది, చిటికెన వేలు మొదటి నెలలోనే ఊడుతుంది. అలాంటి చేతిని వేరే ముక్కలో నార చూసుకుని చెక్కి, కొయ్య మేకుతో బిగించాలి.

చక్రం దగ్గర జాగ్రత్త. దాన్ని సన్నని వలయంగా లోపల తొలిచేస్తే పక్కలు నిలుస్తాయి, పైనా కిందా మాత్రం నారకు అడ్డంగా పడి విరుగుతుంది. బిళ్లలా నిండుగా ఉంచి మీద ఆకులు చెక్కమనండి, పై జ్వాలను వెనక ప్రభకు ఆనించమనండి. చేతికి, నడుముకు మధ్య ఉన్న సందు కూడా చివర్లోనే తొలవాలి, ముందే తొలిస్తే మిగతా పనిలో ఉలి దెబ్బలకు మోచేయి అదురుతుంది.

కుడి వక్షం మీద లక్ష్మి ఉండాలి. నామం చెక్కొద్దు. కళ్లు పూర్తిగా చెక్కించుకుని, నామం రోజూ అలంకారంలో దిద్దుకోండి.

ఆగమచింతన:

ఒకవేళ ఎప్పుడైనా విరిగితే, వేలు కొస లాంటి చిన్న దెబ్బను అర్చకుడిని అడిగి సరిచేయించుకోవచ్చు. ముఖమో, చేయో పోతే ఆ మూర్తికి పూజ ఆపాలి. జీర్ణమైన చెక్క మూర్తిని అగ్నికి, రాతి మూర్తిని నీటికి ఇవ్వాలని అగ్నిపురాణం. రంగు వేసిన దాన్ని చెరువులో వేయకండి.

ఉలిపట్టు:

ఇంకొక్క పని. కళ్లు తప్ప మిగతాదంతా పూర్తయ్యాక మూర్తిని తెచ్చుకుని, వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గుతోందంటే ఇంకా ఆరుతోందని. మూడు వారాలు వరసగా గ్రాము కూడా మారకపోతే, అప్పుడు ముహూర్తం చూసుకుని శిల్పిని నేత్రోన్మీలనానికి, అంటే కళ్లు చెక్కి తెరిపించడానికి, పిలవండి.